వలసా? దండయాత్రా? – ఒక ధర్మసందేహం

రాజ్యమన్న తరువాత సరిహద్దు తప్పదు. తన గడ్డపై ఎవరు ప్రవేశించాలో, ఎవరు నివసించాలో నిర్ణయించే అధికారం ప్రతి ప్రభుత్వానికీ ఉన్నది. సందేహమల్లా ఆ అధికారాన్ని వినియోగించేటప్పుడు మనం ఎన్నుకొనే మాటలను గురించినది. పొరుగుదేశం నుండి ఇల్లూ వాకిలీ విడిచి వచ్చిన మనిషిని 'కాందిశీకుడు' అంటే ఆదరణ గుర్తుకు వస్తుంది. 'వలస కూలీ' అంటే అతని శ్రమ కనిపిస్తుంది. 'చొరబాటుదారు' అంటే ఆయుధం కనిపిస్తుంది. మారినది మనిషి కాదు, మాట. మాటతోపాటు అతనిపట్ల మన బాధ్యతా మారిపోతుంది.

అస్సాం చరిత్రలో ఈ మార్పు స్పష్టంగా గోచరిస్తుంది. 1979లో మొదలైన ఉద్యమం వెనుక భాష, భూమి, ఓటు గురించిన నిజమైన ఆవేదన ఉన్నది. దానిని తేలిక చేయడం న్యాయం కాదు. 1985 ఆగస్టు 15న కుదిరిన ఒప్పందం 1971 మార్చి 25ను గీటురాయిగా నిర్ణయించింది. ఆ నాటి నుండి వచ్చిన విదేశీయులను గుర్తించి పంపివేయాలన్నది. 1946 నాటి విదేశీయుల చట్టం ప్రకారం తాను విదేశీయుణ్ణి కానని నిరూపించుకోవలసిన భారం ఆ వ్యక్తిపైనే ఉండేది. 1983లో అస్సాంకు వర్తింపజేసిన ప్రత్యేక చట్టం ఆ భారాన్ని అతనిపై మోపలేదు. 2005లో సుప్రీంకోర్టు ఆ ప్రత్యేక చట్టాన్ని కొట్టివేస్తూ, రాజ్యాంగంలోని 355వ అధికరణాన్ని ఉటంకించి, అక్రమ వలసను 'బాహ్య దురాక్రమణ'గా పరిగణించింది.

దండయాత్రకు సేనాపతి ఉంటాడు, ఆజ్ఞ ఉంటుంది, జయించాలన్న సంకల్పం ఉంటుంది. బతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చినవానికి ఇవేవీ ఉండవు. సంకల్పం లేకున్నా ఫలితం ఒక్కటే కదా అని అడగవచ్చును. ప్రశ్న సమంజసమే. అయితే భాషకు కలిగే హానికి భాషారక్షణ, భూమికి కలిగే హానికి భూచట్టాలు సరియైన మందులు. ఫలితాన్ని దాడిగా పేర్కొన్న మరుక్షణం, ఏ నేరమూ చేయని ప్రతి వ్యక్తీ అనుమానితుడవుతాడు. 2019 ఆగస్టు 31న వెలువడిన పౌర పట్టికకు సుమారు 3.3 కోట్ల మంది దరఖాస్తు చేసుకోగా, 19 లక్షలకు పైగా పేర్లు అందులో చేరలేదు. వరదలో కాగితాలు కొట్టుకుపోయిన నిరుపేదకూ దొంగదారిన వచ్చినవానికీ గల భేదాన్ని ఆ సంఖ్య చెప్పలేదు.

మన తెలుగువారికి ఈ అనుభవం కొత్తది కాదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో సమ్మె చేసిన తెలుగు కూలీల స్థానంలో బర్మీయులను పనిలో పెట్టుకొన్నారు. సమ్మె ముగిసి తెలుగువారు తిరిగి వచ్చినప్పుడు అల్లర్లు చెలరేగి ఎందరో మరణించారు. లాభం ఓడల యజమానులది. పగ మాత్రం పొట్టచేత పట్టుకొని వెళ్లినవారిపై పడింది. 1960లలో బర్మా నుండి కట్టుబట్టలతో తిరిగి వచ్చినవారి జ్ఞాపకం విశాఖపట్నంలోని బర్మా క్యాంపు పేరులో నేటికీ నిలిచి ఉన్నది. అక్కడి దృష్టిలో వారు పరాయివారు. మన దృష్టిలో మన బిడ్డలు.

భద్రత కావలసినదే. అయితే అది ప్రతి మనిషినీ 'నీవేమి చేశావు?' అని అడగాలి. 'నీవెవరివి?' అన్న ప్రశ్నతోనే తీర్పు చెప్పేసే రాజ్యం తన సరిహద్దును కాపాడుకోవచ్చును గాని, ఆ సరిహద్దు లోపల కాపాడవలసిన న్యాయాన్ని కోల్పోతుంది.