సామాజికుడి బాధ్యత

దుఃఖం ఒక్కడిదా, నలుగురిదా? ఏకపాత్ర నాటకం చూసినప్పుడల్లా నాకు ఈ ప్రశ్న ఎదురవుతుంది. రంగం మీద ఉన్నది ఒక్కడు. ఎదుట ఉన్నది ఊరు. ఎదిగే వయసు పిల్లవాడి పరిస్థితీ ఇదే. చుట్టూ మనుషులుంటారు, వాడి మాటకు జవాబు ఉండదు.

రసానుభవానికి సాధారణీకరణం మూలమన్నాడు భట్టనాయకుడు. రంగం మీది శోకం రాముడిదీ కాదు, చూసేవాడిదీ కాదు. ఎవరిదీ కాకపోవడం వల్లనే అది ఆస్వాద్యమవుతుంది. తరగతిలో ఇది పాఠం చెప్పేటప్పుడే నాకు పేచీ వస్తుంది. ఎవరిదీ కాని శోకానికి బాధ్యులెవరు?

డంకన్ మాక్మిలన్ నాటకం 'ఎవ్రీ బ్రిలియంట్ థింగ్' 2013లో ఇంగ్లండులో తొలిసారి ప్రదర్శించారు. తల్లి ఆత్మహత్యకు ప్రయత్నించిందని తెలిసిన ఏడేళ్ళ పిల్లవాడు, బతకడానికి కారణమయ్యే మంచివాటి జాబితా రాయడం మొదలుపెడతాడు. నటుడొక్కడే. కాని అతడు అంకె పిలవగానే, ఆ చీటీ ఉన్న ప్రేక్షకుడు పైకి చదవాలి. తండ్రి వేషానికి కూడా ప్రేక్షకులలోనుంచే ఒకరు లేవాలి.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. మా గుడుపల్లె ఉన్న చిత్తూరు ప్రాంతంలో వేసవిలో ద్రౌపది గుళ్ళ దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. తపస్సునాడు అర్జున వేషధారి ఎత్తయిన మాను ఎక్కి, పైన ఒక్కడే పద్యాలు పాడుతూ నిమ్మకాయలూ విభూతీ కిందికి విసురుతాడు. పిల్లలు లేని స్త్రీలు తడిబట్టలతో మాను చుట్టూ సాష్టాంగపడి ఉంటారు. అర్జునుడు కోరేది పాశుపతం. ఆమె కోరేది బిడ్డ, బిడ్డతోపాటు ఇంట్లో మర్యాద. ఆ శోకం సాధారణీకరణం పొందినది కాదు. పేరూ ఊరూ ఉన్న మనిషిది.

అయితే అర్జునుడు దిగిపోతాడు, ఆమె ఇంటికి పోతుంది. ఆమెను గొడ్రాలన్నవాళ్ళు కూడా ఆ జనంలోనే చేతులు జోడించి నిలబడి ఉండవచ్చు. పాల్గొనడం వేరు, పాలుపంచుకోవడం వేరు.

మన బడులలో ఏకపాత్రాభినయం పిల్లలకు అరువు దుఃఖాన్నే ఇస్తున్నది. మయసభలో దుర్యోధనుడి అవమానాన్ని గర్జించి బహుమతి పొందిన కుర్రవాడు, మార్కులు తగ్గిననాడు తండ్రి ఎదుట ఒక్కమాట అనలేడు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణా ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాక ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అది వారి బలహీనత అనడం సులభం. కాని మార్కును మనిషికి కొలతగా పెట్టింది ఆ పిల్లలు కాదు, సమాజం.

చీటీ చదివినంతమాత్రాన ఎవరి బతుకూ మారదని కొందరనవచ్చు. నిజమే, నాటకం చికిత్స కాదు. అయినా చీటీ చదివినవాడికి ఒక సంగతి తెలుస్తుంది: తాను నోరు విప్పకపోతే కథ అక్కడే ఆగిపోతుంది.

మన ఆలంకారికులు ప్రేక్షకుణ్ణి సామాజికుడన్నారు. ఆ మాటకు నాటకశాల బయట కూడా అర్థం ఉండాలి. రంగం మీది పిల్లవాడికి జవాబు చెప్పినవాడు, ఇంట్లో అన్నం ముట్టకుండా కూర్చున్న కొడుకును 'ఏమైందిరా?' అని అడగాలి. అడిగి, వాడు చెప్పేదాకా పక్కనే కూర్చోవాలి.