నడిచేది భక్తుడా, దేవుడా?

కొండ మీది దేవుడి దగ్గరికి నడిచే వెళ్లాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. కష్టపడితేనే పుణ్యమని ఒకటి. దేవుడు అంతటా ఉన్నాడు గనుక నడకా అక్కర్లేదు, కొండా అక్కర్లేదని ఇంకొకటి. మొదటిది మొక్కున్నవాళ్ల మాట, రెండోది నాలుగు పుస్తకాలు చదివినవాళ్ల మాట. చూడ్డానికి ఎదురెదురుగా ఉన్నా ఈ రెండూ ఒకే లెక్క మీద నిలబడ్డాయి. దేవుడి వాకిట్లో ఒక టోల్‌గేటు ఉందనీ, నడక అక్కడ కట్టే సుంకమనీ ఇద్దరూ ఒప్పుకుంటారు. కట్టాలని ఒకరంటే, దండగని ఇంకొకరంటారు, అంతే తేడా. అది అసలు సుంకమే కాదేమో అన్న అనుమానం ఇద్దరికీ రాదు. ఆ అనుమానం రావడానికి మహబూబాబాద్ జిల్లా అడవిలో ఒక గట్టి ఆధారం ఉంది.

గంగారం మండలంలోని పూనుగొండ్ల కోయల ఊరు. రెండేళ్లకోసారి మాఘ శుద్ధ పౌర్ణమికి మేడారంలో సమ్మక్క సారలమ్మల జాతర వస్తుంది. దానికి ముందు, పూనుగొండ్లలోని పెనక వంశం వడ్డెలు, అంటే పూజారులు, సమ్మక్క పెనిమిటి పగిడిద్దరాజును గుడిలోంచి బయటికి తెచ్చి, పడగ రూపంలో ఎత్తుకొని, అడవి దారిన మేడారానికి బయల్దేరుతారు. గుట్టలూ వాగులూ దాటుతూ అరవై డెబ్బై కిలోమీటర్ల నడక, మధ్యలో రాత్రి మజిలీ. జాతర మొదలయ్యే బుధవారానికి రాజు మేడారంలోని గద్దె చేరాలి. అదే రోజు ఏటూరునాగారం మండలం కొండాయి నుంచి గోవిందరాజు, కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తారు. గురువారం సమ్మక్క చిలకలగుట్ట దిగుతుంది. మేడారం 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది, 2019లో ములుగు జిల్లాకు పోయింది. పటంలో గీతలు ఎన్నిసార్లు జరిగినా రాజు బయల్దేరే ఊరూ, చేరే ఊరూ జరగలేదు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ ప్రయాణంలో అసలు ప్రయాణికుడు దేవుడే. దేవుడికి పుణ్యంతో పనిలేదు, దర్శనంతో అంతకన్నా పనిలేదు. మరి ఆయన ఎవరికి సుంకం కడుతున్నట్టు?

ఏర్పాట్ల దృష్టితో చూస్తే రాజును ఏడాది పొడుగునా మేడారంలోనే ఉంచేయడం ఎంతో తేలిక. 1996లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించాక రోడ్లు పడ్డాయి, క్యూలైన్లు వచ్చాయి, హనుమకొండ నుంచి హెలికాప్టర్ కూడా ఎగిరింది. ఇన్ని మార్చినవాళ్లకు ఒక గుడి కట్టి రాజును అందులో కూర్చోబెట్టడం పెద్ద పని కాదు. కానీ అలా చేసిన మర్నాడే పూనుగొండ్ల ఆయన ఊరు కాకుండా పోతుంది. దారిలోని గూడేలకు ఆయనతో సంబంధం తెగిపోతుంది. రాజు వస్తున్నాడని ఎదురు వెళ్లడానికి, మొక్కడానికి, వెంట వచ్చినవాళ్లకు ఇంత చోటు చూపడానికి వాళ్లకు అవకాశమే ఉండదు. మోటారు వాహనం బయల్దేరిన చోటునీ చేరిన చోటునీ ఉంచి, నడుమ ఉన్నదాన్ని చెరిపేస్తుంది. నడక ఆ నడుమ ఉన్నదాన్ని పూజలోకి తెస్తుంది. నడక విలువ ఒంటి నొప్పుల్లోనూ లేదు, చివర దొరికే దర్శనంలోనూ లేదు. దారినీ, దారిలోని మనుషుల్నీ దేవుడి పనిలో భాగస్తుల్ని చేయడంలో ఉందని నా వాదన.

తెలుగు సాహిత్యంలో ఈ చిక్కును అందరికంటే దగ్గరగా ఎరిగినవాడు జనగామ జిల్లా పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు. ఆయన వీరశైవుడు. ఇష్టలింగాన్ని ఒంటి మీద ధరించి, అరచేతిలో పెట్టుకొని పూజించే మతం అది. దేహమే గుడి అయినవాడికి శ్రీశైలంతో ఏం పని? తర్కం ప్రకారమైతే సోమనాథుడు యాత్రల్ని ఎగతాళి చేయాలి. కానీ పండితారాధ్య చరిత్రలోని అయిదు ప్రకరణాల్లో చివరిదైన పర్వత ప్రకరణాన్ని ఆయన శ్రీశైల యాత్రకే ఇచ్చాడు. అందులో మల్లికార్జునుడి మహిమ ఎంత ఉందో, శివరాత్రికి కొండకు వెళ్లే జనం సందడి అంత ఉంది. వాళ్ల ఆటలు, బొమ్మలాటలు, తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు అన్నీ ఉన్నాయి. మన జానపద గేయాల చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ ఆ జాబితా దగ్గరికి వెళ్లక తప్పదు. పండితులు దీన్ని వర్ణనా చాపల్యం కింద సరిపెట్టవచ్చు. నాకు మాత్రం ఇందులో సిద్ధాంతం కనిపిస్తుంది. ఒంటి మీద లింగంతో శ్రీశైలం నడిచే శివభక్తుడూ, రాజును ఎత్తుకొని మేడారం నడిచే పెనక వడ్డే దేవుణ్ణి వెతుక్కుంటూ పోవడం లేదు, దేవుణ్ణి వెంటబెట్టుకొని పోతున్నారు. చివర దొరకబోయేది వాళ్ల దగ్గర ముందే ఉంది. అయినా నడుస్తున్నారంటే ఆ నడకకు వేరే పని ఉండాలి.

అంతటా ఉన్నవాడి కోసం తిరగడమేమిటన్న వేమన వెటకారానికి ఇక్కడే జవాబు దొరుకుతుంది. ఆ దెబ్బ వెతికేవాడికి తగులుతుంది గానీ మోసేవాడికి తగలదు. పైగా అంతటా ఉన్నాడన్న మాటను నిజంగా పరీక్షకు పెట్టేది నడిచేవాడే. కారు ఎక్కి గుడి ముందు దిగేవాడి నమ్మకంలో దేవుడికి రెండే చోట్లు, ఇంట్లో పూజగదీ కొండ మీది గర్భగుడీ. మధ్యలో ఉన్నదంతా కిటికీ అవతలి దృశ్యం. దేవుడు అంతటా ఉన్నాడంటే ఆ మధ్యలో కూడా ఉన్నాడని అర్థం. ముళ్లపొదలోనూ, ఎండిన వాగులోనూ, మంచినీళ్లడిగితే అనుమానంగా చూసే ఇంట్లోనూ ఉన్నాడని ఒప్పుకోవడం అద్వైతం మీద ఉపన్యాసం చెప్పినంత సులువు కాదు.

ఇదంతా కష్టాన్ని పూజించడమే కదా అని అడగవచ్చు. కాదనడానికి మన చరిత్రలోనే సాక్ష్యముంది. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. కష్టమే పుణ్యమైతే ఆయన వేలమంది పుణ్యానికి గండికొట్టినట్టు లెక్క! కానీ లోకం దాన్ని ధర్మకార్యమనే మెచ్చుకుంది. మెట్లు దారిని తేలిక చేస్తాయి గానీ మాయం చేయవు. ఏనుగుల వీరాస్వామయ్యది ఇంకా చిక్కైన ఉదాహరణ. 1830 మేలో చెన్నపట్నంలో బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిన కాశీయాత్రలో ఆయన ప్రయాణం చాలావరకు పల్లకీలో సాగింది. అడుగులు బోయీలవి. అడుగుకింత అని పుణ్యం పంచితే పెద్ద వాటా వాళ్లకే పోవాలి, ఆ మాట నాకు అన్యాయంగా ఏమీ తోచదు. అయితే పల్లకీ కూడా మనిషి కాళ్ల వేగంతోనే పోతుంది. అందుకే ఆ యాత్ర గురించి ఆయన రాసిన పుస్తకంలో క్షేత్ర మాహాత్మ్యాలతో పాటు మజిలీలు, మంచినీళ్లు, దుకాణాలు, ఊళ్ల బాగోగులు ఉన్నాయి. దారి ఆయన చేత రాయించుకుంది.

భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకు ఇప్పుడు వీపున సంచులతో కుర్రవాళ్లు వస్తున్నారు. ఆదిమానవుల రంగుబొమ్మలున్న ఆ రాళ్ల మధ్య ఎక్కడం, దిగడం వాళ్ల సరదా. వాళ్ల నడకకూ యాత్రికుడి నడకకూ తేడా దేవుడి మీద నమ్మకంలో ఉందనుకుంటాం. అంతకంటే పెద్ద తేడా బరువులో ఉందేమో. తిండి, నీళ్లు, పక్క, గుడారం అన్నీ వీపునే పెట్టుకోవడంలోని ఆదర్శం ఎవరికీ బాకీ పడకపోవడం. యాత్రికుడు బాకీ పడుతూనే నడుస్తాడు. ఈ గీత కూడా నిక్కచ్చిగా నిలవదు. అమెరికాలో జార్జియా నుంచి మెయిన్ దాకా దాదాపు 3,500 కిలోమీటర్లు సాగే అపలేచియన్ ట్రెయిల్‌లో దేవుడూ లేడు, మొక్కూ లేదు. అయినా నడిచేవాళ్ల కోసం దారి పక్క ఊళ్లవాళ్లు తిండీ పానీయాలూ తెచ్చిపెట్టడం అక్కడ మామూలు. ఎంత పెద్ద సంచీ అయినా కొన్ని రోజులకు ఖాళీ అవుతుంది, ఏదో ఒక ఊళ్లోకి దిగాల్సి వస్తుంది. దూరం పెరిగేకొద్దీ స్వయంసమృద్ధి కరుగుతుంది. నమ్మనివాడికి కూడా ఈ పాఠం అబ్బుతుందంటే నా వాదనకు బలమే గానీ నష్టం లేదు.

ఒక అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా తీసేయలేం. కోయలు అడవిలో నడవాలి, మనం ఆర్టీసీ బస్సులో వెళ్లి ఆ నడకలోని తత్వాన్ని మెచ్చుకోవాలి, ఇదెక్కడి న్యాయం? నడవడమా మానడమా అన్నది పెనక వంశం వాళ్ల ఇష్టం. రేపు వాళ్లు వేరే రకంగా నిర్ణయించుకుంటే వద్దనే అర్హత వ్యాసాలు రాసేవాళ్లకు లేదు. రోడ్డు వేయకుండా ఉండటానికి ఆచారాన్ని సాకు చేసుకునే అర్హత ప్రభుత్వానికీ లేదు. బస్సులో వచ్చిన ముసలమ్మ ఎత్తు బంగారం, అంటే ఆమె మొక్కుకున్న నిలువెత్తు బెల్లం, ఏ విధంగానూ తక్కువది కాదు. మేడారంలో నడక భారాన్ని దేవుళ్లే తీసుకున్నారు గనుక భక్తులు ఎలా వచ్చినా చెల్లుతుంది. కాకపోతే ఆ దారి ఉందని తెలిసి రావడం వేరు. తెలిసినవాళ్లు అడవిలో ప్లాస్టిక్ పారేసి పోవడానికి కొంచెమైనా జంకుతారు.

ఇంత చెప్పినా ధర లెక్క వదలనివాళ్లు శనివారం సంగతి చూడాలి. జాతర చివరిరోజు వనప్రవేశం. సమ్మక్క చిలకలగుట్టకు, సారలమ్మ కన్నెపల్లికి, గోవిందరాజు కొండాయికి, పగిడిద్దరాజు పూనుగొండ్లకు మరలుతారు. అప్పటికి మొక్కులు చెల్లాయి, బెల్లం పంచారు, వచ్చినవాళ్లు బండ్లెక్కుతున్నారు. వచ్చిన దారి దర్శనానికి కట్టిన సుంకమే అయితే పోయే దారిలో కొనుక్కోవలసింది ఏమీ మిగల్లేదు. అయినా రాజును గద్దె మీద వదిలి పెనక వడ్డెలు ఒట్టి చేతులతో ఇంటికి రారు. కష్టపడితేనే పుణ్యమనేవాళ్లూ, నడక దండగనేవాళ్లూ ముందు ఈ తిరుగు ప్రయాణాన్ని తమ లెక్కలో ఎక్కడ రాసుకుంటారో చెప్పాలి.