కన్ను సాక్షి మాత్రమే



రోము నగరంలో పునీత ఇగ్నేషియస్ లొయోలా వారి పేరిట ఒక పెద్ద దేవాలయం ఉంది. 1626లో దానికి పునాది వేశారు. నమూనా ప్రకారం బలిపీఠానికి ముందు ఎత్తయిన గోపురం ఒకటి లేవాలి. గోడలు లేచాయి, కప్పు పడింది, గోపురం మాత్రం లేవలేదు. ఆ చోటు ఏళ్ళ తరబడి వెలితిగానే ఉండిపోయింది.

1685లో ఆ వెలితిని పూరించినవాడు ఏసుసభకు చెందిన ఆండ్రియా పొజ్జో. ఆయన గురుపట్టం పొందినవాడు కాడు. సభలో సాధారణ సహోదరుడిగానే జీవించి, 1709లో వియన్నాలో కన్నుమూశాడు. ఆయన ఇటుక వాడలేదు, సున్నం వాడలేదు. సుమారు 17 మీటర్ల వెడల్పున్న గుండ్రని కాన్వాసు గుడ్డ మీద గోపురం లోపలి భాగాన్ని చిత్రించాడు. దానిని గోపురం ఉండవలసిన చోట అమర్చారు. కింద నిలబడి చూస్తే స్తంభాలు కనిపిస్తాయి, కిటికీలు కనిపిస్తాయి, పైనుంచి వెలుతురు దిగుతున్నట్టు ఉంటుంది. నిజానికి అక్కడ ఉన్నది బల్లపరుపుగా పరచిన గుడ్డ!

తరువాత ఆయన అదే దేవాలయపు పొడవాటి కప్పును చిత్రించి 1694లో ముగించాడు. ఆ దేవాలయంలోకి మీరు నడిచి వెళ్తే నేల మీద ఒక గుండ్రని పాలరాతి బిల్ల కనిపిస్తుంది. దాని మీద నిలబడి తలెత్తండి. కప్పు మాయమవుతుంది. గోడలు ఇంకా పైకి పెరిగినట్టు, వాటి మీదుగా ఆకాశం తెరుచుకున్నట్టు కనిపిస్తుంది. త్రిత్వం నుంచి వెలువడిన కాంతి ఇగ్నేషియస్ వారి మీద పడి, అక్కడినుంచి నాలుగు ఖండాలకు ప్రసరిస్తుంది. ఇప్పుడు బిల్ల దిగి దూరంగా జరగండి. నిటారుగా ఉన్న స్తంభాలు ఒరుగుతాయి, కూలబోతున్నట్టు భయపెడతాయి. గోపురం బొమ్మను చూడడానికి కూడా నేల మీద మరో గుర్తు ఉంది.

ఇక్కడ మనకు ఒక సందేహం రావాలి. దేవుని ఇంటిలో లేని గోపురాన్ని ఉన్నట్టు చూపించడం న్యాయమేనా? సత్యాన్ని బోధించే చోట కన్నును మోసగించవచ్చునా?

ముందుగా ఈ మోసం ఎలా జరుగుతుందో చూద్దాం. రైలు పట్టాల మధ్య నిలబడి దూరం చూస్తే రెండు పట్టాలు ఒకచోట కలిసిపోయినట్టు కనిపిస్తాయి. దగ్గరగా వస్తున్న గీతలను చూడగానే మన మనసు అక్కడ దూరం ఉందని లెక్క వేసుకుంటుంది. పొజ్జో గీతలను అలా ఒక బిందువు వైపు నడిపించాడు. వంపు తిరిగిన కప్పు మీద ఆ గీతలు తప్పిపోకుండా దారాలను వలలా కట్టి, కింద నిలబడేవాడి కంటి స్థానం నుంచి ఒక్కొక్క గడినీ కప్పు మీదికి ఎక్కించాడు. ఇందులో మంత్రం లేదు, గణితం ఉంది.

మీరే ఒక చిన్న పరీక్ష చేయండి. కాగితం మీద సమానమైన రెండు గీతలు గీయండి. ఒకదాని రెండు కొసలకు బాణపు మొనలు పెట్టండి. రెండవదాని కొసలకు అవే మొనలను తిరగేసి పెట్టండి. రెండవ గీత పొడవుగా కనిపిస్తుంది. ముల్లర్ లయర్ అనే జర్మనీ పండితుడు 1889లో ప్రకటించిన బొమ్మ ఇది. స్కేలు పెట్టి కొలవండి, సమానమేనని తేలుతుంది. స్కేలు తీసి మళ్ళీ చూడండి, మళ్ళీ పొడవే! తెలిసినంత మాత్రాన కన్ను మారదు. 1960లలో బ్రిజెట్ రైలీ వంటి చిత్రకారులు కేవలం నలుపు తెలుపు గీతలతోనే, కదలని బొమ్మను కదులుతున్నట్టు చూపించగలిగారు.

మరి కన్ను అబద్ధాలకోరా? కాదంటారు పునీత అగుస్తీను వారు. నాలుగవ శతాబ్దం చివరలో ఆయన నీటిలో ముంచిన తెడ్డు సంగతి ఎత్తుకున్నారు. తెడ్డు విరిగినట్టు కనిపిస్తుంది. కన్ను తనకు కనిపించినది కనిపించినట్టు చెప్పింది, అది నమ్మకమైన వార్తాహరుడే. తెడ్డు నిజంగా విరిగిందని తేల్చినవాడే తప్పుడు న్యాయాధిపతి. బొమ్మను గురించి కూడా ఆయన ఒక చక్కని మాట చెప్పారు. చిత్రంలోని గుర్రం నిజమైన గుర్రం కాకపోవడం వల్లనే అది నిజమైన చిత్రం కాగలిగింది అన్నది ఆ మాటకు సారాంశం. అబద్ధానికి ఆయన పెట్టిన గురుతు వేరు. ఎదుటివాణ్ణి మోసగించాలనే సంకల్పం ఉండాలి.

ఆ గురుతుతో పొజ్జోను తూచి చూడండి. ఎక్కడ నిలబడితే కన్ను భ్రమపడుతుందో నేల మీద రాతితో గుర్తు ఉంది. బిల్ల దిగి నడవడానికి మనకు స్వేచ్ఛ ఉంది. ఇక ఆయన తన పద్ధతి అంతటినీ బొమ్మలతో సహా రెండు సంపుటాలుగా, 1693లోనూ 1700లోనూ, అచ్చు వేయించి లోకానికి నేర్పాడు. గోపురం బొమ్మలో అంత బరువైన స్తంభాలను చిన్న ఆధారాల మీద నిలిపాడని కొందరు వాస్తుశిల్పులు తప్పుపట్టారట. అవి కూలితే బాగుచేయించే ఖర్చు తానే పెట్టుకుంటానని తన చిత్రకార మిత్రుడొకడు వారికి జవాబిచ్చినట్టు ఆ పుస్తకంలోనే రాసుకున్నాడు. మోసగాడు తన గుట్టును అచ్చు వేయించి పంచుతాడా?

అబద్ధం నడిచే తీరు దీనికి పూర్తిగా తలకిందులు. అది మనల్ని ఒక్కచోట నిలబెడుతుంది, కదలనివ్వదు, తన గుట్టు చెప్పదు. ఫోటోను ఒక పక్క కత్తిరించి చేతి ఫోనుల్లో తిప్పుతున్నారు. కంప్యూటరుతో సొంత మనిషి గొంతును కల్పించి, ఆపదలో ఉన్నానని డబ్బు అడుగుతున్నారు. ఇక్కడ నేల మీద రాతి బిల్ల ఏదీ?

అయితే ఇతరుల మోసం కంటే మన తొందరపాటు వల్ల జరిగే కీడే ఎక్కువేమో ఆలోచించండి. ఒక మనిషి మూడు నెలలుగా దివ్యబలి పూజకు రావడం లేదనుకుందాం. మనం కూర్చున్న బల్ల నుంచి చూస్తే అతడి విశ్వాసం చల్లారినట్టు కనిపిస్తుంది. నాలుగు అడుగులు వేసి అతడి గడప తొక్కితే, మంచం పట్టిన తల్లిని విడిచి కదలలేని కొడుకు కనిపించవచ్చు. మన కన్ను చెప్పింది ఇంతే: అతడు రాలేదు. మిగతా తీర్పంతా మనం రాసుకున్నదే. ఎనిమిదవ ఆజ్ఞ అబద్ధ సాక్ష్యాన్ని నిషేధిస్తోంది. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం తగిన ఆధారం లేకుండా పొరుగువాడి తప్పును నమ్మడాన్ని సైతం ఆ ఆజ్ఞ కిందనే పాపంగా లెక్కించింది. పైకి ఒక్క మాట అనకపోయినా, మనసులో నమ్మినా చాలు.

అలాగని, చూసే చోటును బట్టి అంతా మారిపోతుంది కనుక సత్యమే లేదని అనుకోకండి. గీతలు సమానమేనని స్కేలు చెప్పింది. పక్కకు జరిగితే కప్పు కప్పుగానే బయటపడింది. సత్యం ఉంది కనుకనే మన భ్రమ భ్రమ అని తెలిసింది. కొలవడానికి, కదలడానికి మనం ఒప్పుకోవాలి, అంతే.

మార్కు సువార్త ఎనిమిదవ అధ్యాయంలోని బెత్సయిదా గుడ్డివాణ్ణి గుర్తుచేసుకోండి. ప్రభువు మొదటిసారి తాకినప్పుడు అతడికి మనుషులు నడిచే చెట్లవలె కనిపించారు. తనకు చూపు వచ్చేసిందని అతడు గొప్ప చెప్పుకోలేదు. ఎదురుగా ఉన్నవి చెట్లేనని వాదించనూ లేదు. ఎలా కనిపించిందో అలా చెప్పి, అక్కడే నిలబడ్డాడు. ప్రభువు రెండవసారి తాకారు. అప్పుడు అన్నీ స్పష్టంగా కనిపించాయి.

ఈ వారం ఎవరి గురించైనా తీర్పు మీ పెదవి దాకా వస్తే, ఒక్కసారి కాళ్ళ కిందకు చూసుకోండి. మీరు ఏ బిల్ల మీద నిలబడి ఉన్నారు?