క్రీడావ్యసనము – విముక్తి

అలసిన మనస్సునకు క్రీడ విశ్రాంతి. ఆడువాడు విడువగలిగినంతవరకే అది క్రీడ. విడువలేని నాడు వ్యసనము. 2022 జనవరి నుండి అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో వీడియో ఆటల వ్యసనమునకు స్థానము కలదు. దాని లక్షణములు మూడు: ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులకంటె ఆటయే ముఖ్యమగుట, హాని కలుగుచున్నను మానలేకుండుట.

ఈ మూడవ లక్షణము ధర్మరాజునందు కానవచ్చును. జూదమున సర్వమును పోగొట్టుకొని, ధృతరాష్ట్రుని వలన తిరిగి పొందియు, మరల పిలువగనే ఆడుటకు వచ్చెను. ధర్మమెరిగినవాడే ఆ బలహీనతకు లోబడినపుడు పసివారిని నిందించి ప్రయోజనమేమి?

నిషేధము చాలునా? పదునారేండ్ల లోపువారు అర్ధరాత్రి మొదలు ఉదయము ఆరు గంటలవరకు ఆన్‌లైన్ ఆటలాడరాదని దక్షిణ కొరియా 2011లో శాసించినది. పిల్లలు పెద్దల పేరిట ఆడసాగిరి. 2022 ఆరంభమున ఆ శాసనము తొలగినది.

నలుని కథ వేరొక దారి చూపును. ఋతుపర్ణుని వలన అక్షహృదయము గ్రహించినంతనే కలి ఆతనిని వీడిపోయెను. బహుమానమెప్పుడు దక్కునో తెలియనీయకుండుటయే నేటి ఆటలలోని మర్మము. 'ఇంకొక్కసారి' అను ఆశ అందుండియే పుట్టును. ఈ మర్మమును కోపింపక పిల్లలకు బోధింపవలెను. ఆట తొలగిన చోటును నిద్ర, చేతిపని, చెలిమి నింపవలెను. వ్యసనము ముదిరినచో వైద్యుని ఆశ్రయించుటకు సిగ్గుపడరాదు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో 2014లోనే ఇందుకై ప్రత్యేక చికిత్సా విభాగము వెలసినది.

పెద్దలు తమ చేతిలోని ఫోనును ముందు క్రిందపెట్టి, పిమ్మట పిల్లలకు నిగ్రహము నేర్పుదురు గాక!