రాణి ఈనేదాకా

చిరంజీవి చిన్నోడికి,

మీ పెద్దబాపు హన్మకొండ నుంచి ఆశీర్వదించి రాస్తున్నది. నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు అడిగినదానికి నేను వెంటనే జవాబు చెప్పలేదు. కోపం వచ్చి కాదు బిడ్డా. ఫోన్‌లో చెబితే "సరే పెద్దబాపూ" అని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే రాత్రిపూట కొట్టంలో కూర్చుని మళ్ళీ ఒకసారి చదువుకుంటావని ఈ ఉత్తరం.

ఉగాది దాటాక జరిగే ఏడు బరాత్‌లకు అడ్వాన్సు తీసుకున్నావు. మన గుర్రం రాణి ఇంకా ఈనలేదు. ఒక్క ఇంజెక్షన్‌తో పని అయిపోతుందని ఎవరో చెప్పారు, సీసా కూడా తెచ్చి పెట్టుకున్నావు. వేయొచ్చా అని అడిగావు.

వేయవద్దు. ముందు ఆ మాట చెప్పేస్తున్నా. ఎందుకు వద్దో తీరుబడిగా చెబుతా.

రాణిని మగగుర్రానికి చూపించింది పోయిన ఏప్రిల్ 10న. కొట్టం తలుపు మీద బొగ్గుతో నువ్వే రాసి పెట్టుకున్నావు. ఇవాళ మార్చి 7. అంటే 331 రోజులు. సూడి బర్రె అయితే పది నెలల పది రోజులని రఘునాథపల్లిలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు, ఆ లెక్క పెద్దగా తప్పదు. గుర్రం అట్లా ఒక లెక్కకు కట్టుబడదు. సగటున 340 రోజులంటారు గానీ 320కి ఈనేవి ఉన్నాయి, ఏడాది నిండినా ఈననివి ఉన్నాయి. ఒక కాన్పులో 335 రోజులు మోసిన గుర్రమే మరో కాన్పులో 350 మోయవచ్చు. కాబట్టి రాణి ఆలస్యం చేయడం లేదు. తొందర నీ ముహూర్తాలది.

కడుపులో పిల్ల సంగతి ఇంకా ముఖ్యం. గుర్రం పిల్ల బయటి గాలి పీల్చి బతకడానికి కావలసిన ఆఖరి తయారీ చివరి రెండు మూడు రోజుల్లోనే జరుగుతుంది. ఊపిరితిత్తులు సిద్ధమయ్యేది, లేచి నిలబడే సత్తువ వచ్చేది అప్పుడే. ఆ తయారీ మొదలైందన్న కబురు పిల్ల ఒంట్లోంచే పుడుతుంది, తల్లి ఒంట్లోంచి కాదు. పిల్ల సిద్ధమని చెప్పాక, ఏ గడియలో కనాలో తల్లి చూసుకుంటుంది. ఈ రెంటి మధ్య సూది దూరిస్తే నిండుగా కనిపించే పిల్లే పుడుతుంది, కానీ కాళ్ళు నిలవవు, పాలు గుంజలేదు, ఊపిరి అందదు. అది ఒకరోజు బతికి పోతే ఎవరూ నిన్ను తప్పు పట్టరు. "ఏం చేస్తాం, దాని రాత" అంటారు. నాకు భయం వేసేది ఆ మాటకే. మనం చేసిన పనిని రాత మీదికి తోసేయడం చాలా సులువు, నేను చేశాను కాబట్టి తెలుసు.

ఈ సంగతి మీ నాయనకు కూడా చెప్పలేదు. నేను పశువుల దవాఖాన ఉద్యోగంలో చేరిన కొత్తలో, జట్కాలు మన దిక్కు ఇంకా అక్కడక్కడ తిరుగుతున్న రోజుల్లో, ఒక జట్కా ముసలాయన తన సూడి గుర్రాన్ని చూడమని పిలిచాడు. మూడు రాత్రులు నేనూ ఆయనా కొట్టంలోనే కూర్చున్నాం. కందిలి వెలుగులో పొదుగు చూడటం, తోక మొదట్లో కండ వదులైందా అని వేలితో నొక్కి చూడటం, మళ్ళీ గోనెసంచి మీద కూలబడటం. నాలుగో సాయంత్రం నాకు విసుగొచ్చింది. చనుమొనల మీద మైనం లాంటి బొట్టు ఇంకా రాలేదు. "ఈ రాత్రి ఈనదు తాతా, నువ్వు కూడా పండుకో" అని చెప్పి జనగామలో సెకండ్ షోకు పోయాను. చదువుకున్నోణ్ణని నా మాట నమ్మి ఆయన నిజంగానే పండుకున్నాడు.

తెల్లారి పోయేసరికి గుర్రం లేచి నిలబడి ఉంది. కింద పిల్ల. నొసట తెల్లటి చుక్క, ఒక్క లోపం లేని పిల్ల. మూతి మీద మాత్రం పల్చని పొర తడిబట్టలా అంటుకుని ఉంది. వేలితో పక్కకు లాగితే పోయే పొర. దాన్ని లాగడానికి ఆ గడియలో ఎవరూ లేరు. తల్లి మాత్రం ఆగకుండా వీపు నాకుతూనే ఉంది.

ముసలాయన నన్ను ఏమీ అనలేదు. ఒక్కటే అడిగాడు, "సారూ, బతికి పుట్టిందా, సచ్చి పుట్టిందా?" అని. పిల్ల ముందుకాళ్ళ దగ్గర వరిగడ్డి అర్ధచంద్రంలా చెదిరి, కింద నేల బయటపడి ఉంది. కాళ్ళు కొట్టుకున్న గుర్తు అది. నేను చూశాను, నాకు తెలుసు. అయినా "చెప్పలేం తాతా" అన్నాను.

పిల్ల పోవడం ఒక ఎత్తు బిడ్డా, ఆ అబద్ధం ఇంకో ఎత్తు. ఆయన ఇప్పుడు లేడు, దిద్దుకునే దారి నాకు లేదు. నీకు ఇంకా ఉంది.

ఆ తర్వాత నేను మారిన తీరు కూడా మంచిది కాదు. భయం పట్టుకుంది. ఆ ఏడే ఒక బర్రె నొప్పులు పడుతుంటే, దారి సరిగ్గా తెరుచుకోకముందే తాడు కట్టి దూడను గుంజాను. దూడ బతికింది. బర్రె మాత్రం మళ్ళీ చూలు కట్టలేదు. మొదటిసారి చూడకుండా పోయాను, రెండోసారి ఆగకుండా చెయ్యి పెట్టాను. సమయానికి అక్కడ ఉండి కూడా చేతులు దగ్గర పెట్టుకోవడం నేర్చుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది. నీకు అంత కాలం పట్టకూడదనే ఇదంతా.

మనం రాత మీదికి తోసినట్టే కొందరు నేల మీదికి తోస్తారు. మన దక్షిణాదిలో మంచి గుర్రం పుట్టదన్న మాట పాతది. కాకతీయుల కాలంలో మోటుపల్లిని గురించి రాసిన మార్కో పోలోనే తమిళ తీరం సంగతీ రాశాడు. అక్కడి రాజులు ఏటా వేల గుర్రాలు ఓడల మీద తెప్పించుకునేవారట, ఏడాది తిరిగేలోగా చాలా వరకు చచ్చేవట. మేలైన ఆడగుర్రానికి మేలైన మగగుర్రాన్ని కలిపినా వంకర కాళ్ళ పిల్లే పుడుతుందని కూడా రాశాడు. వండిన అన్నం, మాంసం పెట్టేవారనీ, వాటిని సాకే పద్ధతి తెలియదనీ ఆయనే చెప్పాడు. అంటే నింద నేల మీద, లోపం సాకే చేతుల్లో. డబ్బున్న రాజు మళ్ళీ కొనుక్కున్నాడు, మనకు ఆ దారి లేదు. ఖిలాషాపూర్ కోట మీద నిలబడి సర్వాయి పాపన్న గుర్రం గురించి నువ్వు కథలు చెబుతుంటే నాకు ముచ్చటేస్తుంది. 1708లో ఆయన ఓరుగల్లు మీద పడ్డ సంగతి నీకు నోటికి వచ్చు. ఆ దండులోని ప్రతి గుర్రం కోసం ఎక్కడో ఒకడు రాత్రంతా మేలుకుని ఉంటాడని కూడా అనుకో.

ఇక నువ్వు చేయాల్సింది విను.

గుర్రాలు ఎక్కువగా రాత్రే ఈనుతాయి, అదీ సందడి అణిగాక. అలికిడి ఉంటే కొంతసేపు ఆపుకోగలవు కూడా. నువ్వు పది నిమిషాలకోసారి టార్చి కొట్టి, దోస్తులను పిలిచి, వీడియో తీస్తానని నిలబడితే అది ఈనదు. మీరంతా చాయ్‌కి పోయిన ఇరవై నిమిషాల్లో ఈనేస్తుంది. చిన్న బల్బు ఒకటి పెట్టు, దానికి పాత గుడ్డ కట్టు. కొట్టం గోడకు ఇవతల మంచం వేసుకుని సందులోంచి చూడు. వరిగడ్డి మందంగా పరువు. ధనుర్వాతం టీకా నెల కింద వేయించానన్నావు, మంచి పని చేశావు.

చనుమొనల మీద మైనం బొట్టు కనిపిస్తే ఒకటి రెండు రోజులు అనుకో. కానీ నా లాగా దాన్నే నమ్ముకుని కూర్చోకు, కొన్నింటికి అది రానే రాదు. చెమట పట్టి, పడుకుంటూ లేస్తూ, డొక్క వైపు తిరిగి చూసుకుంటుంటే మొదలైనట్టు. ఉమ్మనీరు పోయాక పని వేగంగా జరుగుతుంది, ఇరవై ముప్పై నిమిషాలే. ముందు ఒక గిట్ట, దాని వెనక కొద్దిగా రెండోది, మోకాళ్ళ మీద మూతి, తెల్లటి పొరలో. ఇట్లా వస్తే నువ్వు ముట్టకు. పొర తెల్లగా కాక ఎర్రగా, మఖమల్ గుడ్డలా కనిపిస్తే ఒక్క క్షణం ఆగకు, చింపేసి పిల్లను బయటికి తియ్యి, అప్పుడు మాత్రమే గుంజు. మాయ ముందే ఊడిపోయిందని దానికి అర్థం, లోపల పిల్లకు ఊపిరి అందదు. గిట్టలు అడ్డం తిరిగినా, అరగంట దాటినా 1962కు ఫోన్ చెయ్యి. వాళ్ళు వచ్చేలోగా మన డాక్టర్ సారుకు కూడా చెయ్యి. నంబర్లు గోడ మీద రాసి పెట్టు, ఆ సమయంలో ఫోన్‌లో వెతకడానికి వేళ్ళు పనిచేయవు.

పుట్టిన పిల్ల గిట్ట అడుగు ఒకసారి చూడు. ముంజ లెక్క మెత్తగా, తెల్లటి వేళ్ళలాంటి పోగులు ఉంటాయి. తల్లి కడుపు గీసుకుపోకుండా గిట్టకు ఆ తొడుగు. నడక మొదలైన కాసేపటికే రాలిపోతాయి, కాబట్టి మేలుకుని ఉన్నవాడికే కనిపిస్తాయి. నా ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఎన్నిసార్లు చూసినా మళ్ళీ చూడాలనిపించింది అదే.

బొడ్డు నువ్వు కోయకు, తల్లి లేచినప్పుడు దానంతట అదే తెగుతుంది. తెగాక అయోడిన్‌లో ముంచు. గంటలో పిల్ల నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో మాయ పడాలి. ఇందులో ఏది తప్పినా డాక్టరును పిలవాలి. ముర్రుపాలు బకెట్‌లోకి పిండి జున్ను వండుకుందామని ఇంట్లో ఎవరన్నా అంటే ఊరుకోకు. బర్రె అలవాటు కొద్దీ అంటారు. గుర్రం పిల్లకు రోగాలను ఆపే శక్తి కడుపులో ఉండగా అందదు, అంతా ఆ మొదటి పాల నుంచే రావాలి. ఒకరోజు దాటితే తాగినా ఒంటికి పట్టదు.

అడ్వాన్సుల మాట. ఏడు ఇళ్ళకూ నువ్వే స్వయంగా పోయి, గుర్రం ఈనబోతోందని చెప్పి డబ్బు చేతిలో పెట్టు. ఫోన్ చేసి చెప్పకు. పెళ్ళి ఇంటివాళ్ళు రెండు మాటలు అంటారు, పడు. వాళ్ళకు ఇంకో గుర్రం దొరికేంత వ్యవధి ఉంది. నువ్వు ఖర్చు పెట్టుకున్నది ఎంతైతే అంత నా పింఛనులోంచి ఇస్తా, నిదానంగా తీర్చు. ఈనిన తల్లిని డీజే ముందు నిలబెట్టి, పిల్లను కొట్టంలో కట్టేసి పోయే పని మాత్రం మన ఇంట్లో జరగకూడదు. పిల్లకు ఆరు నెలలు నిండనీ. కార్తీకం పెళ్ళిళ్ళకు రాణి మళ్ళీ పనిలోకి వస్తుంది. ఈ మాఘంలో కూడా దాన్ని రెండు బరాత్‌లకు తిప్పావని మీ అమ్మ చెప్పింది. అప్పుడే నాకు తెలిసి ఉంటే ఈ ఉత్తరం అప్పుడే వచ్చేది.

ఆ సీసా నేను వచ్చేదాకా దాచకు, ఇవాళే పారబోయి.

ఎల్లుండి పొద్దున పుష్‌పుల్‌కు వస్తున్నా. మీ పెద్దమ్మ వద్దంటోంది, రాత్రుళ్ళు మేలుకునే వయసు కాదని. నేను పగలు నిద్రపోతానని ఒప్పించాను. సంచిలో అయోడిన్ బుడ్డి, ఉతికిన పాత ధోవతులు రెండు పెట్టుకున్నా. స్టేషనుకు బండి తేకు, నడిచి వస్తా. నువ్వు రాణి దగ్గర్నుంచి కదలకు.

మీ పెద్దబాపు