ప్రార్థనా, సేవా? కోల్‌కతా ఇచ్చిన జవాబు

మన కుటుంబాల్లో చాలావాటికి క్రైస్తవం పరాయి మతం కాదు. కోస్తా జిల్లాల్లో తల్లి చేతిలో బైబిలు, కొడుకు గదిలో బాబాసాహెబ్ పటం ఉన్న ఇళ్లు ఎన్నో. తల్లి ఉపవాస కూటానికి వెళుతుంది, కొడుకు కలెక్టరేటు ముందు ధర్నాకు వెళతాడు. కళ్లు మూసుకుని కూర్చుంటే లోకం మారుతుందా అని కొడుకు అడుగుతాడు. ఎప్పుడూ కోపంతో తిరిగేవాడికి నెమ్మది ఎక్కడిదని తల్లి అడుగుతుంది. రెండూ న్యాయమైన ప్రశ్నలే.

ఈ తగువు క్రైస్తవం అంత పాతది. లూకా సువార్త పదో అధ్యాయంలో మార్త, మరియ అనే అక్కచెల్లెళ్లు ఉన్నారు. మార్త ఇంటిపనుల్లో సతమతమవుతుంది. మరియ యేసు పాదాల దగ్గర కూర్చుని వింటుంది. యేసు మరియనే మెచ్చుకుంటాడు. దీన్ని పట్టుకుని పని కంటే ప్రార్థనే గొప్పదని బోధించేవాళ్లున్నారు. కానీ అదే అధ్యాయంలో, ఈ కథకు సరిగ్గా ముందు మంచి సమరయుని కథ ఉంది. దెబ్బలు తిని దారిలో పడి ఉన్న మనిషిని యాజకుడు, లేవీయుడు చూసీచూడనట్టు దాటిపోతారు. యూదులు చిన్నచూపు చూసే సమరయుడే ఆగి గాయాలకు కట్టు కడతాడు. ఒక కథ చదివి రెండోది వదిలేస్తే సువార్త సగమే చదివినట్టు.

రెండింటినీ కలిపి బతకడానికి చేసిన ఒక గట్టి ప్రయత్నం కోల్‌కతాలో కనిపిస్తుంది. 1929లో ఇండియాకు వచ్చిన మదర్ థెరిసా ఎంటాలీలోని బడిలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పారు. 1948లో కాన్వెంటు వదిలి మురికివాడలకు వెళ్లారు. 1950 అక్టోబరు 7న మిషనరీస్ ఆఫ్ ఛారిటీకి చర్చి ఆమోదం లభించింది. 1952లో కాళీఘాట్‌లో, కాళీ గుడి పక్కన, దిక్కులేక చనిపోతున్నవారి కోసం నిర్మల్ హృదయ్ మొదలైంది.

ఆ సిస్టర్ల దినచర్య గమనించదగినది. తెల్లవారక ముందే లేచి ప్రార్థన, పూజ. ఆ తరువాతే రోగుల దగ్గరికి. సంస్థ పెరిగి పని మీద పడుతున్న రోజుల్లో ఎవరైనా ప్రార్థన తగ్గిస్తారు. వాళ్లు 1973లో రోజూ మరో గంట ఆరాధన చేర్చారు. వారానికి ఒకరోజు, గురువారం, బయటి సేవ ఆపి ప్రార్థనకు, విశ్రాంతికి కేటాయిస్తారు. దీన్ని బద్ధకం అనలేం. నేను లేకపోతే లోకం ఆగిపోతుందన్న అహంకారానికి అది వారంవారం వేసే కళ్లెం.

మరి ప్రార్థన వల్ల మనసుకు హాయి దొరికిందా? 2007లో అచ్చయిన మదర్ థెరిసా ఉత్తరాలు చాలామందిని నివ్వెరపరిచాయి. దేవుడు దగ్గరున్నాడన్న అనుభూతి తనకు దశాబ్దాల తరబడి లేదని, లోపల చీకటి మాత్రమే ఉందని ఆమె రాసుకున్నారు. అయినా ప్రార్థన వేళ తప్పలేదు, సేవ ఆగలేదు. దేవుణ్ణి నమ్మని మనం కూడా ఇక్కడ ఒకటి నేర్చుకోవచ్చు. సమతుల్యత అంటే హాయైన మూడ్ కాదు, మూడ్ లేని రోజున కూడా నిలబెట్టే అలవాటు. మన మాటల్లో చెప్పాలంటే శీలం.

అయితే ఈ తక్కెడలో ఒక లోటు ఉంది. 1994లో లాన్సెట్ వైద్య పత్రిక సంపాదకుడు రాబిన్ ఫాక్స్ కాళీఘాట్ చూసి వచ్చి రాశాడు: అక్కడ ప్రేమకు, శుభ్రతకు కొదువ లేదు, కానీ రోగ నిర్ధారణ సరిగా లేదు, నొప్పి తగ్గించే బలమైన మందులు లేవు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవడం కరుణే. ఆ నొప్పిని తగ్గించే మందేదో తెలుసుకోవడం, ఈ మనిషి వీధిలో ఎందుకు పడ్డాడని అడగడం ప్రజ్ఞ. ప్రార్థన, సేవ రెండూ సరిగా తూగినా, ఎందుకు అన్న ప్రశ్న లేకపోతే బాధ ఉన్నచోటే ఉంటుంది.

చరిత్రలో ఒక విచిత్రం చూడండి. అదే 1950లో, అదే నగరం నుంచి వెలువడే మహాబోధి సొసైటీ పత్రికలో, బుద్ధుని మత భవిష్యత్తు గురించి బాబాసాహెబ్ వ్యాసం వచ్చింది. క్రైస్తవం ఆసియాలో విద్య, వైద్య సేవల ద్వారానే వ్యాపించిందనీ, భిక్షుసంఘం క్రైస్తవ గురువుల నుంచి, ముఖ్యంగా జెసూట్ల నుంచి కొన్ని లక్షణాలు తెచ్చుకోవాలనీ ఆయన అందులో అన్నారు. ఆ గురువులు మత గ్రంథాలతో పాటు లోకవిద్యలు కూడా నేర్చినవారని గుర్తుచేశారు. భిక్షువు తనను తాను పరిపూర్ణుణ్ణి చేసుకోవడానికా, సమాజాన్ని సేవించడానికా అన్న ప్రశ్న ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ పీఠికలోనూ లేవనెత్తారు. తన ముక్తి మాత్రమే చూసుకునేవాడు ఆయన దృష్టిలో స్వార్థపరుడే.

కాబట్టి ఆ సిస్టర్లను అడిగిన ప్రశ్న మనల్నీ వదలదు. వాళ్లకు తక్కువైన ప్రశ్నించే గుణం మనకు పుష్కలంగా ఉంది. కులం ఎందుకు, పేదరికం ఎందుకు అని అడగడం మనకు బాబాసాహెబ్ నేర్పారు. కానీ జబ్బుపడిన కార్యకర్త మంచం పక్కన రాత్రంతా కూర్చునేవాళ్లు మనలో ఎందరు? సభలు, ఊరేగింపుల మధ్య వారానికి ఒక పూట మౌనంగా కూర్చునేవాళ్లు ఎందరు? విరేచనాలతో పడి ఉన్న భిక్షువును బుద్ధుడు ఆనందునితో కలిసి తన చేతులతో కడిగాడు. పాదాల నుంచి నెత్తురు కారేదాకా నడక ధ్యానం చేసి విసిగిపోయిన సోణుడికి వీణ తంతుల పోలికతో నచ్చజెప్పాడు: మరీ బిగించినా పలకదు, మరీ వదులైనా పలకదు.

ఉద్యమంలో పదేళ్లు పనిచేసి చేదెక్కి ఇంట్లో కూర్చున్నవాళ్లు మనకందరికీ తెలుసు. వాళ్లకు నిబద్ధత తక్కువై కాదు, తంతి సడలించుకునే రోజంటూ ఒకటి లేకపోయింది. మన విహారాల్లో ధ్యానానికి ఒక పూట, రోగుల పరామర్శకు ఒక పూట, చదువుకు, చర్చకు ఒక పూట పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ వారమే మొదలుపెట్టవచ్చు.