వేళ్ల దగ్గర పోటీ

"ఆడదానికి ఆడదే శత్రువు" అన్న మాటను ఎవరు పుట్టించారో గానీ, అందరి నోళ్లలో బాగానే నానింది. ఒక్క ఉద్యోగానికి ఇద్దరు పరిశోధకురాళ్లు పోటీపడినా అదే వినబడుతుంది. పోటీ ప్రకృతి ధర్మమనేవాళ్లు ఎలాగూ ప్రకృతినే సాక్ష్యానికి పిలుస్తారు కాబట్టి, ఒకసారి టీ మొక్కల వేళ్ల దగ్గరికి వెళ్దాం.

వేళ్లను అంటిపెట్టుకున్న మట్టికి 1904లో లోరెంజ్ హిల్ట్‌నర్ రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు. వేరు విడిచే చక్కెరలు, ఆమ్లాల కోసం అక్కడ బాక్టీరియా గుమిగూడతాయి. టీ తోటల ఆమ్ల నేలల్లోనూ సూడోమోనాస్, బాసిల్లస్ కనిపిస్తాయి. పక్కవాటిని చంపే యాంటీబయాటిక్‌లను తయారుచేస్తాయి. సూడోమోనాస్ సిడెరోఫోర్ అనే పదార్థాన్ని బయటికి వదిలి, మట్టిలోని ఇనుమును పట్టి తెచ్చుకుంటుంది. తాము తయారుచేయకుండా పక్కవాటి సిడెరోఫోర్‌ను వాడుకునేవాటిని శాస్త్రవేత్తలు 'మోసగాళ్లు' అంటారు. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నా చూపు ఆ మాట దగ్గరే ఆగింది. మనసే లేని జీవికి మోసం ఎక్కడిది? అది మన బజారు నుంచి మట్టిలోకి వెళ్లిన మాట. 'ప్రకృతి సత్యం' అయి మళ్లీ మన దగ్గరికే వస్తుంది.

అలాగని బాక్టీరియాలో అక్కచెల్లెళ్ల అనుబంధాన్నీ వెతకబోను. అదీ మన మాటను వాటికి తొడగడమే. నన్ను ఆలోచింపజేసింది మరొకటి: సరిపడా ఇనుము దొరికితే సూడోమోనాస్ సిడెరోఫోర్ తయారీని దాదాపు ఆపేస్తుంది. ఆ పోరు కొరతకు జవాబు. మట్టిలో కొరతకు దోషులు ఉండరు. మనుషుల మధ్య మాత్రం ఎవరో నిర్ణయిస్తారు.

ఇప్పుడు అదే మొక్క ఆకుల దగ్గరికి వద్దాం. వాటిని కోసేవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. రోజుకు ఇన్ని కిలోలని లెక్క, మించితే కాస్త అదనం. పక్క వరుసలోని మనిషిని మించి కోయమనే ఏర్పాటు ఇది. 2015 సెప్టెంబరులో కేరళలోని మున్నార్‌లో బోనస్‌ను 10 శాతానికి తగ్గించినప్పుడు, ఎక్కువగా తమిళ దళితులైన ఆ స్త్రీలే 'పెంబిళై ఒరుమై' పేరుతో రోడ్డెక్కారు. మగ నాయకుల యూనియన్లను దగ్గరికి రానివ్వలేదు. 20 శాతం రాబట్టారు. రూ. 232 దినకూలిని 500 చేయమంటే అంత మాత్రం పెరగలేదు. వాళ్ల స్వభావమేమీ మారలేదు, చూపు పక్క వరుస నుంచి కూలి నిర్ణయించేవాళ్ల మీదికి మళ్లింది.

కొరత మన ప్రతి చేతనూ క్షమించదు. బాక్టీరియాకు ప్రశ్నించే వీలు లేదు, మనకుంది. ఈసారి ఎవరైనా ఆ సామెత ఎత్తితే, ఉద్యోగం ఒక్కటే ఎందుకుందో ముందు చెప్పమందాం.